మూతపడిన ఫ్యాక్టరీ స్థలాన్ని పార్కుగా మార్చాలంటే: ప్రజాభిప్రాయ సేకరణ ఎలా జరపాలి

మూతపడిన ఫ్యాక్టరీ స్థలంలో పార్కు వేయాలన్న ఆలోచన వచ్చిందంటే చాలాచోట్ల ఒకే రకం సభ జరుగుతుంది. షామియానా వేసి, వేదిక పక్కన రంగుల నమూనా చిత్రం నిలబెట్టి, వాకింగ్ ట్రాక్ కావాలా, ఓపెన్ జిమ్ కావాలా అని అడిగి, వచ్చినవారి చేత రిజిస్టరులో సంతకాలు పెట్టించుకుంటారు. ఆ భూమి ఎవరి పేరున ఉందో, మట్టిలో ఏముందో, చిత్రంలో ఇంకా మార్చగలిగింది ఏముందో వచ్చినవారికి తెలియదు. సభ పెట్టినవారికి కూడా తెలియని సందర్భాలు తక్కువేమీ కావు.

హైదరాబాద్‌లోని ఆజామాబాద్, సనత్‌నగర్, బాలానగర్, కాటేదాన్ వంటి పారిశ్రామిక వాడలు ఒకప్పుడు ఊరికి దూరంగా ఉండేవి. ఇప్పుడు వాటి చుట్టూ కాలనీలు, బస్తీలు పెరిగాయి. ఇలాంటి చోట ఒక స్థలం ఖాళీ అయినప్పుడు అభిప్రాయ సేకరణ బాధ్యత తీసుకునే సంక్షేమ సంఘాలవారికి, వార్డు అధికారులకు, స్వచ్ఛంద సంస్థలవారికి పనికివచ్చే క్రమం ఇక్కడ ఇస్తున్నాను. అన్ని మెట్లకూ సమానమైన శ్రమ అక్కర్లేదు. మొదటి రెండింటికి ఎక్కువ సమయం కేటాయించండి.

మొదటి మెట్టు: భూమి సంగతి తేల్చుకోండి

సర్వే నంబర్లతో మొదలుపెట్టండి. ప్రహరీ లోపల ఉన్నదంతా ఒకే యాజమాన్యం కింద ఉంటుందని నమ్మవద్దు. కొంత ప్రభుత్వం నుంచి లీజుకు తీసుకున్నది, కొంత కంపెనీ సొంతంగా కొన్నది కావచ్చు; అంచున నాలా బఫరో (నాలా పక్కన కట్టకుండా వదలవలసిన జాగా), కుంట శిఖం భూమో (కుంట నీరు నిలిచే భాగం) కలిసిపోయి ఉండవచ్చు. పరిశ్రమ కోసమే ఇచ్చిన లీజు అయితే, పరిశ్రమ ఆగిపోయాక భూమి ఏం కావాలన్నది ఒప్పందపు షరతుల్లో వెతకాలి. ఆ నకలు చేతికి వచ్చేదాకా సభ తేదీ ప్రకటించకపోవడమే మంచిది.

కంపెనీ దివాలా తీసి ఉంటే వ్యవహారం ఇంకా చిక్కుగా ఉంటుంది. ఆస్తి లిక్విడేటర్ (ఆస్తులు అమ్మి బాకీలు తీర్చడానికి నియమితుడైన వ్యక్తి) చేతిలో ఉంటుంది, బ్యాంకుల తాకట్టు ఉంటుంది, కార్మికుల బకాయిలు ఉంటాయి. 2016 నాటి దివాలా చట్టం ప్రకారం లిక్విడేషన్‌కు ముందటి 24 నెలల కార్మికుల బకాయిలు, తాకట్టు పెట్టుకున్న రుణదాతల బాకీతో సమాన స్థాయిలో నిలుస్తాయి. భూమి అమ్ముడైతేనే ఆ డబ్బు చేతికి వచ్చే పరిస్థితి ఉంటే, పాత కార్మికులు పార్కు వద్దనడంలో తప్పు లేదు. వారి బాకీ ఎలా తీరుతుందో చెప్పలేని పార్కు ప్రతిపాదనతో వారి ముందుకు వెళ్లకండి.

కాగితాల కోసం సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. మన రెండు రాష్ట్రాల నిబంధనల ప్రకారం గ్రామ స్థాయి కార్యాలయాలకు రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపై స్థాయిలో 10 రూపాయలు చెల్లించాలి. జవాబుకు 30 రోజుల గడువు ఉంటుంది గనుక ఈ పని అన్నిటికన్నా ముందు మొదలు కావాలి. లీజు ఒప్పందం, మాస్టర్ ప్లాన్‌లో (నగరంలో ఏ భూమిని దేనికి వాడాలో చెప్పే ప్రణాళిక) ఆ స్థలానికి చూపిన వినియోగం, కాలుష్య నియంత్రణ మండలి ఇచ్చిన అనుమతులు, తనిఖీ నివేదికలు, నోటీసులు: ఇవన్నీ విడివిడి దరఖాస్తులుగా, ఆయా కార్యాలయాలకే పంపండి. అన్నీ కలిపి ఒకే కాగితం మీద అడిగితే అది ఒక బల్ల నుంచి మరొక బల్లకు తిరుగుతూనే గడువు దాటిపోతుంది.

హామీల్లోని లెక్కను కూడా ఈ దశలోనే పరిశీలించాలి. ముంబయి బట్టల మిల్లుల ఉదంతం ఇందుకు పెద్ద పాఠం. 1991 నాటి నిబంధన ప్రకారం, మిల్లు భూమిని కొత్త అవసరాలకు వాడదలచుకుంటే స్థూలంగా మూడింట ఒక వంతు నగరానికి ఖాళీ స్థలాల కోసం, ఒక వంతు సామాన్యుల గృహనిర్మాణానికి, మిగిలినది యజమానికి చెందాలి. 2001లో ఆ నిబంధనను సవరించి, ఈ పంపకం మొత్తం భూమికి కాదు, కట్టడాలు లేని ఖాళీ భాగానికి మాత్రమే వర్తిస్తుందన్నారు. మిల్లుల ఆవరణల్లో అధిక భాగం షెడ్లే గనుక నగరానికి దక్కవలసిన పచ్చదనం ఒక్కసారిగా కుదించుకుపోయింది. పర్యావరణ సంఘం కోర్టుకు వెళ్లినా, 2006 మార్చిలో సుప్రీంకోర్టు ఆ సవరణనే నిలబెట్టింది. అందుచేత మీకు ఎవరైనా ‘ముప్పై శాతం పార్కుకు ఇస్తాం’ అని మాట ఇస్తే, దేనిలో ముప్పై శాతమో, రోడ్లు, పార్కింగు, నాలా బఫరు అందులో కలిపారో లేదో రాతపూర్వకంగా అడిగి తెలుసుకోండి.

రెండో మెట్టు: మట్టి, నీరు పరీక్షించకుండా ఎవరినీ ఏమీ కోరుకోమనవద్దు

ఒక్క మినహాయింపు ఉంది. పరీక్షలకు ముందే కలవవలసినవారు పాత కార్మికులు, ప్రహరీని ఆనుకుని దశాబ్దాలుగా ఉంటున్న కుటుంబాలు. వారిని అడగవలసింది కోరికలు కాదు, జ్ఞాపకాలు. వ్యర్థాలు ఎక్కడ పోసేవారు, డీజిల్ ట్యాంకు భూమిలో ఎక్కడ ఉండేది, వాన పడితే ఏ మూల నుంచి రంగునీళ్లు బయటికి వచ్చేవి, ఏ బోరు నీళ్లు తాగడం ఎప్పుడు మానేశారు: ఇలాంటి ప్రశ్నలు వేసి, స్థలం నక్షా ముందు పరిచి, వారి చేతనే గుర్తులు పెట్టించండి. మట్టి నమూనా ఎక్కడ తవ్వాలో ప్రయోగశాలకు తెలియదు. బాయిలర్ దగ్గర పాతికేళ్లు పనిచేసిన మనిషికి తెలుస్తుంది. అభిప్రాయ సేకరణలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచే భాగం ఇదే, చాలా నివేదికల్లో కనిపించనిదీ ఇదే.

ఏం పరీక్షించాలన్నది అక్కడ నడిచిన పరిశ్రమను బట్టి ఉంటుంది. ఎలక్ట్రోప్లేటింగ్, తోళ్ల శుద్ధి జరిగినచోట క్రోమియం; బ్యాటరీలు కరిగించినచోట సీసం; మందుల తయారీ జరిగినచోట ద్రావకాలు, భూగర్భ జలం; ఆస్బెస్టాస్ రేకుల షెడ్లు ఉంటే విరిగిన రేకుల పొడి. పైమట్టి ఒక్కటే చూసి సరిపెట్టకుండా వేర్వేరు లోతుల్లోనూ, చుట్టుపక్కల బోర్లలోనూ నమూనాలు తీయించండి. కాటేదాన్‌లోని నూర్ మహమ్మద్ కుంటను గుర్తుచేసుకుంటే ఈ జాగ్రత్త ఎందుకో అర్థమవుతుంది. ప్రపంచ బ్యాంకు సాయంతో 2010లో మొదలైన పారిశ్రామిక కాలుష్య నిర్వహణ ప్రాజెక్టు, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మాదిరి శుద్ధి కోసం ఎంచుకున్న స్థలాల్లో ఆ కుంట ఒకటి, కడపలోని చెత్త దిబ్బ మరొకటి. కుంట ఫ్యాక్టరీ గోడలకు బయట ఉన్నా వ్యర్థాలు దానిలోకే చేరాయి.

ఇప్పుడు చట్టపరమైన ఆధారం కూడా ఉంది. కలుషిత స్థలాల నిర్వహణకు సంబంధించిన నిబంధనలను కేంద్రం 2025 జూలై 24న నోటిఫై చేసింది. కాలుష్యం ఉందని అనుమానమున్న స్థలాల జాబితాను స్థానిక సంస్థ లేదా జిల్లా యంత్రాంగం రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలికి పంపాలి. సమాచారం అందిన 90 రోజుల్లో మండలి ప్రాథమిక అంచనా వేయాలి. మీ స్థలం ఆ జాబితాలో ఉందో లేదో మున్సిపల్ కమిషనరుకు రాసి తెలుసుకోండి. లేకపోతే చేర్చమని కోరండి. ఆ లేఖకు పాత కార్మికులు గుర్తులు పెట్టిన నక్షాను జతచేస్తే దానికి బలం చేకూరుతుంది.

ఫలితాలు వచ్చాక తలెత్తే అసలు ప్రశ్న, ఎంత శుభ్రం చేస్తే చాలు అన్నది. తమిళనాడులోని కొడైకెనాల్‌లో 2001లో మూతపడిన థర్మామీటర్ల ఫ్యాక్టరీ స్థలంలో, కిలో మట్టికి 20 మిల్లీగ్రాముల పాదరసం దాకా ఉండవచ్చన్న ప్రమాణంతో శుద్ధికి అధికారులు అనుమతించారు. చుట్టూ షోలా అడవి (ఎత్తైన కొండల మీద పెరిగే సతత హరిత అడవి), నీటివనరులు ఉన్నచోట ఆ ప్రమాణం చాలా సడలింపుగా ఉందని స్థానికులు, కార్యకర్తలు ఏళ్ల తరబడి అభ్యంతరం చెప్పారు. ఇలాంటి ప్రమాణం నిపుణుల గదిలో ఖరారై సభకు చేరేసరికి చర్చించడానికి ఏమీ మిగలదు. పసిపిల్లలు మట్టిలో ఆడే మూలకు ఒక ప్రమాణం, సిమెంటు దారికి మరొకటి ఉండవచ్చునని ముందే చెప్పి, ఏ భాగాన్ని ఏ అవసరానికి శుద్ధి చేయాలో ప్రజల ముందే తేల్చండి.

విషం ఉన్న మట్టినంతా తరలించక్కర్లేదు. ఆ సంగతీ జనానికి చెప్పాలి. జర్మనీలోని డ్యూస్‌బర్గ్‌లో 1985లో మూతపడిన ఉక్కు కర్మాగారం 1994లో పార్కుగా తెరుచుకుంది. బాగా కలుషితమైన మట్టిని అక్కడి పాత బంకర్లలోనే మూసి భద్రపరిచారు, కొలిమిని పడగొట్టకుండా జనం ఎక్కి చూసేలా ఉంచారు. అమెరికాలోని సియాటిల్‌లో, 1956లో ఆగిపోయిన గ్యాస్ ప్లాంటు స్థలం 1975లో పార్కు అయింది. శిథిలాలను గుట్టగా పోసి పైన మట్టి కప్పారు. అయినా 1984లో కాలుష్య పరీక్షల కోసం ఆ పార్కును కొంతకాలం మూయవలసి వచ్చింది. మట్టి కప్పిన చోట లోతుకు వేళ్లు దిగే చెట్లు నాటకూడదు, అక్కడి బోరు నీళ్లు మొక్కలకు వాడకూడదు, పండ్ల చెట్లు పెట్టకూడదు. వేప, మామిడి నీడ కోరుకునేవారికి ఈ మాట సభలో చెప్పడం కష్టమే, కానీ మొక్కలు నాటాక చెప్పడం ఇంకా కష్టం.

మూడో మెట్టు: తేలిపోయినవేవో, తేలవలసినవేవో ఒక్క కాగితం మీద రాయండి

ఈ కాగితం లేకుండా సభ పెట్టడం జనాన్ని మోసం చేయడమే అవుతుందని నా అభిప్రాయం. మొదటి భాగంలో ఇక మార్చలేనివి రాయండి: హైటెన్షన్ తీగల కింద కట్టడం కుదరదు, ఫలానా మూల మట్టి కప్పి కంచె వేయాలి, నాలా బఫరు వదలాలి. రెండో భాగంలో ప్రజలే తేల్చవలసినవి: గేట్లు ఎటువైపు, పాత షెడ్డు ఉంచాలా పడగొట్టాలా, ఆటస్థలం ఎంత, తెరిచి ఉండే వేళలు, ప్రవేశ రుసుము ఉండాలా వద్దా. మూడో భాగంలో డబ్బు దొరికితేనే జరిగేవి. రెండో భాగం ఖాళీగా మిగిలితే అభిప్రాయ సేకరణ మానేసి, సమాచారం చెప్పడానికే సభ పెడుతున్నామని ఒప్పుకోండి.

నాలుగో మెట్టు: సభకు రానివారి దగ్గరకు వెళ్లండి

ఆదివారం పది గంటలకు కమ్యూనిటీ హాల్లో సభ పెడితే వచ్చేవారు ఎవరో చెప్పనక్కర్లేదు: పదవీ విరమణ చేసిన పెద్దలు, కాలనీ సంఘం కార్యవర్గం, వారితోపాటు కార్పొరేటర్ అనుచరులు. వారి మాట వినవలసిందే. అది ఒక్కటే వింటే పార్కు మొత్తం వాకింగ్ ట్రాక్ అవుతుంది. ఆ గోడ పక్కన సందులో నడిచి బస్‌స్టాపుకు వెళ్లే ఇళ్ల పనివారు, సాయంత్రం గేటు ముందు బండి పెట్టుకునే మిర్చి బజ్జీల వ్యాపారి, ఖాళీ స్థలంలో క్రికెట్ ఆడే కుర్రాళ్లు, మేకలు మేపుకునేవారు, పక్క షెడ్లలో రాత్రి షిఫ్టు చేసి పగలు నిద్రపోయే ఒడిశా, బిహార్ కార్మికులు ఆ హాల్లోకి రారు. వారు ఉన్నచోటికే, వారికి వీలైన వేళకే వెళ్లండి. తెలుగుతోపాటు ఉర్దూ, హిందీ మాట్లాడగలవారిని వెంట తీసుకెళ్లండి.

మహిళలతో విడిగా కూర్చోవడం తప్పనిసరి. పొదుపు సంఘాల సమావేశం జరిగే రోజే వెళ్తే అందరూ ఒకచోట దొరుకుతారు. పార్కులో ఏం కావాలని కాకుండా, చీకటి పడ్డాక ఏ దారిన నడవడానికి జంకుతారు, మరుగుదొడ్డి ఎక్కడ ఉంటే వాడతారు, ఏ గోడ అడ్డం వల్ల లోపలివారు కనిపించరు అని అడగండి. పిల్లలను బడిలో కలవండి, కాగితం, రంగులు ఇచ్చి గీయమనండి. అయితే వారు గీసిన జారుడుబల్ల బొమ్మలను కరపత్రం అట్ట మీద అచ్చువేసి పని అయిందనుకోవద్దు. ఏ వయసువారు ఏం గీశారో లెక్క తీసి నివేదికలో పెట్టండి.

తెలంగాణలో హైదరాబాద్ మహానగర పాలక సంస్థ మినహా మిగతా పట్టణాలకు వర్తించే 2019 పురపాలక చట్టం ప్రకారం ప్రతి వార్డులో యువకులు, మహిళలు, వయోవృద్ధులు, ప్రముఖ పౌరులతో నాలుగు కమిటీలు, ఒక్కొక్క దానిలో 15 మంది చొప్పున ఉండాలి. కాగితం మీద ఉన్న ఆ కమిటీలను సమావేశపరచమని కమిషనరును కోరడం తేలికైన పని. చట్టమే మీ వైపు ఉంది.

ఐదో మెట్టు: స్థలంలోనే నడిపించి అడగండి, ఆ తరువాతే సభ

భద్రత చూసుకుని, పరీక్షల్లో ప్రమాదం లేదని తేలిన దారుల్లో జనాన్ని చిన్న జట్లుగా లోపలికి తీసుకెళ్లండి. నమూనా చిత్రం చూసి చెప్పే మాటకు, చిమ్నీ కింద నిలబడి చెప్పే మాటకు చాలా తేడా ఉంటుంది. సియాటిల్ పార్కు రూపకర్త రిచర్డ్ హాగ్ ఆ ఆవరణలోని పాత కమ్మరి షెడ్డులోనే ఆఫీసు పెట్టి, జనాన్ని అక్కడికే పిలిచి మాట్లాడాడు. తుప్పు పట్టిన గ్యాస్ ప్లాంటు గోపురాలను పడగొట్టాలన్న వాదన బలంగా ఉన్న నగరంలో వాటిని నిలబెట్టాలన్న ఒప్పుదల చివరకు అలాగే కుదిరింది.

సభ విషయానికి వస్తే, పార్కుకు చట్టం బహిరంగ విచారణ తప్పనిసరి చేయకపోయినా, పెద్ద ప్రాజెక్టుల కోసం 2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్‌లో ఉన్న పద్ధతిని అరువు తెచ్చుకోవచ్చు. ముప్పై రోజుల ముందు ప్రకటన, కార్యక్రమం మొత్తం వీడియో చిత్రీకరణ, వచ్చిన అభ్యంతరాలను చివర్లో స్థానిక భాషలో చదివి వినిపించడం: ఈ మూడూ పాటిస్తే తరువాత ‘మేమన్నది రాయలేదు’ అన్న గొడవ తగ్గుతుంది. ప్రకటన పత్రికలో వేసి ఊరుకోకుండా ఆటోలో మైకు పెట్టి సందుసందునా చాటించండి. బతుకమ్మ, రంజాన్, సంక్రాంతి రోజుల్లో, పరీక్షల నెలలో సభ పెట్టకండి. వేదిక మీద కుర్చీలు తగ్గించండి. ప్రజాప్రతినిధి ప్రసంగం ఉండక తప్పకపోతే అది చివర్లో ఉండేలా చూడండి, లేకపోతే ఆయనతోపాటు సగం సభ లేచి వెళ్తుంది.

ఆరో మెట్టు: తగాదాలను సభలోనే బయటపెట్టండి

క్రికెట్ ఆడేవారికీ నడిచేవారికీ, ప్రవేశ రుసుము పెడితేనే శుభ్రంగా ఉంటుందనే కాలనీవారికీ, పది రూపాయలు కూడా భారమైన బస్తీవారికీ, రాత్రి గేటు మూయాలనేవారికీ, ఆ దారే దగ్గరి దారైనవారికీ మధ్య పోటీ ఉంటుంది. చేతులెత్తించి తేల్చవద్దు, అలా చేస్తే సంఖ్య ఎక్కువున్నవారే గెలుస్తారు. వేళలు పంచడం, బంతి అడ్డుకునే వల, ప్రహరీ పొడవునా ఎప్పుడూ తెరిచి ఉండే నడకదారి వంటి ఏర్పాట్లను ముందుంచి, ఎవరికి ఏది ఒప్పుకోరానిదో అడగండి.

సభల్లో గుడికో, దర్గాకో, విగ్రహానికో చోటు అడిగేవారు తప్పకుండా ఉంటారు. ఆ కోరికను వాదనతో ఎదుర్కోనక్కర్లేదు. వీధులు, పార్కులు వంటి బహిరంగ స్థలాల్లో అనుమతి లేని మతపరమైన కట్టడాలను అనుమతించరాదని 2009 సెప్టెంబరు 29న సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వును ‘మార్చలేనివి’ భాగంలో ముందే రాసి ఉంచితే చర్చ పెరగదు. ఫంక్షన్ హాలు అడిగినప్పుడు మాత్రం కాస్త ఓపికగా వినండి. బస్తీలో పెళ్లికి చోటు లేకపోవడం నిజమైన ఇబ్బందే, కానీ దానికి ఈ స్థలం తగినదా కాదా అన్నది వేరే ప్రశ్న.

ఏడో మెట్టు: ప్రతి అభిప్రాయానికీ జవాబు అచ్చువేయండి

సభ ముగిసిన నెలలోపు, వచ్చిన అభిప్రాయాలన్నిటినీ వరుస నంబర్లతో, పేర్లు లేకుండా, ఒక పట్టికగా తెలుగులో ప్రచురించండి. ప్రతి దాని ఎదుట ఒప్పుకున్నామా, కొంత ఒప్పుకున్నామా, లేదా అన్నది, ఒప్పుకోకపోతే కారణం ఉండాలి. ‘పరిశీలిస్తాం’ అన్న మాట వాడవద్దు. ఆ పట్టికను వార్డు కార్యాలయం గోడకు, రేషన్ షాపు దగ్గర, ఫ్యాక్టరీ గేటుకు అంటించి, అందులో లేని అభిప్రాయం ఏదైనా ఉంటే చేర్చడానికి రెండు వారాల గడువు ఇవ్వండి.

ఎనిమిదో మెట్టు: మాస్టర్ ప్లాన్‌లోకి ఎక్కించండి

ప్రజల ఒప్పుదల ఎంత ఉన్నా, నగరాభివృద్ధి సంస్థ మాస్టర్ ప్లాన్‌లో స్థలం ఇంకా పారిశ్రామిక వినియోగంగానే ఉంటే రేపు మరొకరు దాన్ని వాణిజ్య వినియోగానికి మార్చుకోగలరు. వినియోగ మార్పు ముసాయిదా వెలువడినప్పుడు అభ్యంతరాలకు ఇచ్చే గడువు చాలా తక్కువ, తరచూ పదిహేను రోజులే; అందుచేత మీ నివేదిక, పట్టిక, సంతకాలు అప్పటికే సిద్ధంగా ఉండాలి. పార్కుగా నమోదైన తరువాత రక్షణ గట్టిదే. బెంగళూరులో పార్కుకు కేటాయించిన స్థలాన్ని ప్రైవేటు నర్సింగ్ హోముకు ఇచ్చినప్పుడు ఆ చుట్టుపక్కల నివాసులు సవాలు చేయగా, 1991లో సుప్రీంకోర్టు ఆ కేటాయింపు చెల్లదన్నది.

నిర్వహణ సంఘంలో ఎవరుండాలో కూడా ఈ దశలోనే రాతలో పెట్టండి: కాలనీ నుంచి ఇద్దరుంటే బస్తీ నుంచి ఇద్దరు, పాత కార్మికుల నుంచి ఒకరు, సగం మంది మహిళలు. తెలంగాణ పురపాలక చట్టం బడ్జెట్‌లో పది శాతం పచ్చదనానికి కేటాయించమంటుంది గనుక, నీటి ట్యాంకరుకూ కాపలాదారు జీతానికీ డబ్బు ఏ పద్దు నుంచి వస్తుందో కమిషనరు చేత రాయించుకోండి. మట్టి కప్పిన భాగాలను ప్రతి వానాకాలం తరువాత ఎవరు తనిఖీ చేస్తారో, బోరు నీటి పరీక్ష ఎన్ని నెలలకొకసారి జరుగుతుందో, ఫలితం ఏ బోర్డు మీద అంటిస్తారో ఆ ఒప్పందంలోనే చేర్చండి. బోర్డు ప్రధాన గేటు దగ్గర, పిల్లల ఆటస్థలం వైపు ఉండేలా చూడండి.